క్యూబా చుట్ట మీద నా తీర్పు

గోడ అవతలి ఆ మనిషంటే నాకు గిట్టదు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. బతికున్నప్పుడు మొహం మీదే అన్నాను గనక నాకా పట్టింపు లేదు.

బిహారులో, ఇనుప కార్ఖానా పక్కనున్న బర్మామైన్స్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మావారు కార్ఖానాలో ఫిట్టరు. అతను ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్ళే. అతనేమో ప్యాంటు తొడిగిన రోజునే ఊరు మరిచిపోయాడు, నేను మరవలేదు, అంతే తేడా. అరుగు మీద కూర్చుని చుట్టలు చుట్టేదాన్ని. ఆకు మావైపు నుంచి రైల్లో వచ్చేది. బస్తా విప్పి రెండాకులు నలిపి వాసన చూస్తే ఏ నేలలో పెరిగిందో, ఎన్నాళ్ళు ఆరిందో చెప్పేదాన్ని. ఆకు మంచిదో కాదో చెప్పమని పక్క పేట సాక్చి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. నా మాటకు తిరుగు లేదు.

మా వైపు ఆడవాళ్ళందరిలాగే నేనూ అడ్డచుట్ట కాల్చేదాన్ని. అంటే నిప్పున్న కొస నోట్లోకి, చల్లటి కొస బయటికి. గాలికి ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, పని సాగుతుంది. చూడనివాళ్ళు నోరు కాలదా అని అడుగుతారు. కాలదు. అలవాటు లేనివాళ్ళకు అన్నం వార్చినా చెయ్యి కాలుతుంది.

అతని భార్య నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేది. మంచి పిల్ల. ఉబ్బసం. సాయంత్రం పొగగొట్టాల మసి వీధి మీదికి దిగితే చాలు, గోడ అవతల దగ్గు మొదలయ్యేది. అయినా మధ్యాహ్నాలు నా దగ్గరికొచ్చి ఆకుల్లో ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పేది. ఆ పరాయి ఊళ్ళో నాకు అదొక్కటే తోడు.

ఒక పెళ్ళి భోజనాల దగ్గర, తెలుగువాళ్ళందరూ ఉన్నచోట, అతను నన్ను చూపించి అన్నాడు: "ఈ ఆడోళ్ళు వీధిలో కూకుని నోట్లో నిప్పెట్టుకుంటారు. బిహారీలు నవ్వుతన్నారు. బిల్కుల్ జంగ్లీ." నేను విస్తరి సగంలో మడిచేసి లేచాను. మర్నాటి నుంచి భార్యను నా అరుగెక్కనివ్వలేదు. పొగాకు ఘాటుకే ఆమె జబ్బు ముదిరిందట. ఆ మాట నిజమే కావచ్చు. అయినా నా కోపం తగ్గలేదు, ఎందుకు తగ్గాలి?

అలాంటివాడు రెండేళ్ళ తర్వాత, కార్ఖానాల్లో చేసే విశ్వకర్మ పూజ మూడు రోజులుందనగా, నా అరుగు ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితంలో చుట్టిన లావుపాటి చుట్ట.

"వదినా, ఒక పని పడింది," అన్నాడు.

"ఏటి పని? నా నోట్లో నిప్పు సూడ్డానికొచ్చినావా?"

"ఆ మాటలిప్పుడెందుకు? ఇది క్యూబా సుట్ట. కలకత్తా రేవులో ఓడ వంటోడి దగ్గర అయిదు కొన్నాను. అసలో నకలో తెల్దు. నువ్వు సెప్పాల."

"నువ్వెప్పటి నుంచి కాలుస్తన్నావు?"

"నాక్కాదు. మా కంట్రాక్టర్ సాబ్‌కి ఇవే పిచ్చి. పూజ రోజున ఇద్దామని. భాలుబాసాలో ఆయన ఇల్లు ఒకటి ఖాళీ అయింది. మాలో ఎవరికో ఒకరికి ఇత్తాడు." గొంతు తగ్గించాడు. "అక్కడ మసి లేదు. నీ సెల్లికి ఊపిరాడతాది. నకిలీదిత్తే మాత్రం నా ఇజ్జత్ పోతాది."

అతని కోసమైతే పొమ్మనేదాన్ని. గోడ అవతలి పిల్ల కోసం చెయ్యి చాపాను.

వేళ్ళతో నొక్కాను. ఎక్కడా గడ్డ కట్టలేదు, ఎక్కడా డొల్ల లేదు. పైఆకు వేయించిన కాఫీ గింజ రంగులో, చేతికి కాస్త జిడ్డు తగులుతూ ఉంది. ఈనెలు కనీకనపడకుండా ఉన్నాయి. ఒక కొస తెరిచి ఉంది. రెండో కొస బొటనవేలిలా గుండ్రంగా, నున్నగా, ఆకు అతికించి మూసేసి ఉంది. చుట్టినవాడు సోకు చేశాడనుకున్నాను. నా చుట్టలకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. తెరిచిన కొసకు నిప్పంటించి, బాగా రాజుకున్నాక, నిప్పును నోట్లోకి తిప్పాను.

పొగ రాలేదు. దవడలు నొప్పెట్టేలా పీల్చాను. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆరింది. నోటినిండా చేదు, మాడిన గడ్డి రుచి. తలెత్తి చూస్తే అతను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. పనికి కావలసింది నా నోరే, చూడ్డానికి మాత్రం రోత.

"సచ్చిన ఆకిది," అన్నాను. "సుట్టినోడికి సుట్టడమూ రాదు. దీనికి ఊపిరే లేదు. మీ సాబుకిత్తే నీ మొకాన ఇసిరి కొడతాడు."

ఆ క్షణాన నేను నమ్మిందే చెప్పాను. అందులో నా సంతోషం కలిసింది గానీ అబద్ధం కలవలేదు. అతని మొహం మాడిపోయింది. సగం నల్లబడ్డ చుట్టను అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున దాన్ని విప్పి నా ఆకులో కలిపేద్దామని మూసిన కొసను పళ్ళతో కొరికాను. అలవాటుగా నోట పెట్టి పీలిస్తే గాలి సరసరా వచ్చింది. ఆ కొస కొరికి పారెయ్యాలి. సోకు కాదది, ఆకు వాసన పోకుండా వేసిన మూత. మూత తియ్యకుండా కుండలో నీళ్ళు తాగబోయి, కుండ ఎండిపోయిందని చెప్పానన్నమాట.

మాడిన కొసను కత్తిరించి, జీవితంలో మొదటిసారి మగాళ్ళలా, నిప్పు బయటికి పెట్టి కాల్చాను. మొదట కాఫీ గింజలు వేపుతున్న వాసన. తర్వాత పాకం అడుగంటబోయే ముందు వచ్చే తీపి. గొంతులో ఎక్కడా కొరకలేదు. బూడిద వేలెడు పొడవైనా రాలలేదు, తెల్లగా నిలబడింది. చిన్నతనం నుంచీ పొగాకు మధ్య పెరిగిన నేను అలాంటి ఆకు ఎరగను. వేళ్ళు కాలేదాకా వదలలేదు.

పూజ ఇంకా రెండు రోజులుంది. నాలుగు అడుగులు వేసి చెబితే చాలు. లేచాను, వాళ్ళ గడప దాకా వెళ్ళాను కూడా. అతను ముందు గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో నన్ను చూశాడు. తల తిప్పకుండానే లోపలికి కేకేశాడు: "ఆ సుట్టలది వచ్చింది. లోపలికి రానీకు, నీకు పడదు."

వెనక్కి తిరిగాను. గడప మీద నిలబడే చెప్పి ఉండొచ్చు. ఇంటికొచ్చాక గోడ మీద తట్టి అయినా చెప్పి ఉండొచ్చు. పోనీ, మావారితో కబురైనా పంపొచ్చు. పంపలేదు. ఇల్లు రాకపోతే ఎవరికి ఊపిరాడదో నాకు తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపినవాళ్ళను చూసి నవ్వాను గానీ, నేను చేసింది మనిషి మీద.

పూజ రోజు అతను మిగిలిన నాలుగు చుట్టలూ మురికి కాలవలో పారేసి, మిఠాయి పొట్లం పట్టుకెళ్ళాడు. ఇల్లు ఇంకో సూపర్‌వైజరుకు వెళ్ళింది. చుట్టలిస్తే ఇల్లు వచ్చేదని ఒట్టేసి చెప్పలేను. నా మనసును సముదాయించుకోవడానికి ఆ మాట చాలాసార్లు వాడుకున్నాను, అది మాత్రం చెప్పగలను.

వారం తర్వాత, అతను డ్యూటీలో ఉన్న వేళ చూసి, ఆ పిల్ల నా అరుగెక్కింది. మూడు మెట్లకే ఆయాసపడింది.

"అప్పా," అంది, "మా ఆయన నిన్ను అన్ని మాటలన్నా నువ్వు ఆయన పరువు నిలబెట్టినావు. ఇంకోళ్ళైతే అదును దొరికిందని, నకిలీదాన్నే 'అసల్దే, ఇచ్చీ' అనేవోళ్ళు. సాబు ముందు తల తీసేసినట్టయ్యేది."

నేను ఒళ్ళోని ఆకు చుట్టుకుంటూ పోయాను.

"ఇల్లు పోతే పోయింది. మనిసి మీద కోపమున్నా నీ నాలిక్కి అబద్దం రాదు. ఆయనతో కూడా అదే అన్నాను. ఇకమీద నీ దగ్గరకెళ్ళొద్దంటే ఊరుకోనన్నాను."

కొంగుతో నోరు మూసుకుని దగ్గింది. తర్వాత బుట్ట ముందుకు లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి అతను కూడా అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె మూడు చలికాలాలు బతికింది. రోజూ వచ్చేది. చుట్ట అసలుదేనని చెప్పడానికి అన్ని మధ్యాహ్నాలు ఉన్నాయి నాకు. చెబితే ఆమె మళ్ళీ రాదేమోనని నోరు మూసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పొగాకు ఘాటులోనే ఆమె చేత ఈనెలు తీయించాను.