పోటు నీట కొలిచిన లక్ష్యం

1926లో నేను రంగూన్‌లో, సేక్కాన్ రేవు మీద ట్యాలీ క్లర్కుని. పడవలోంచి గట్టెక్కిన ప్రతి బియ్యం బస్తాకీ పుస్తకంలో ఒక గీత గియ్యడం నా పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అయిదు. ఇదీ ఒక పనేనా అనుకునేవాళ్ళు ఎండలో పొద్దస్తమానం నిలబడి ఒక్క గీత తప్పకుండా గీసి చూడాలి.

ఆ ఏడే మాకు కొత్త అసిస్టెంటు దొర వచ్చాడు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, డెఫినిట్ ఎయిమ్. అంకెతో కొలిచి చూపగల లక్ష్యమని అర్థం. అంతకుముందు నోటీసుల్లో 'పని శ్రద్ధగా చెయ్యవలెను' అని రాసేవాళ్ళం. శ్రద్ధని ఏ గజంబద్దతో కొలుస్తావని దొర నన్నడిగాడు. ఉన్నమాట చెప్పాలంటే నాకా ప్రశ్న భలే నచ్చింది. శ్రద్ధ లేదనే వంకతో మేస్త్రీలు తమకి గిట్టని కూలీలని ఎలా తరిమేవారో నేను చూశాను. అంకె ఉంటే ఆ ఆటలు సాగవు కదా అనుకున్నాను.

ఒక ఉదయం దొర గడియారం పట్టుకున్నాడు, నేను పుస్తకం పట్టుకున్నాను. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన అప్పలసామి గ్యాంగు, అంటే పన్నెండు మంది జట్టు, గంటలో నూట యాభై బస్తాలు గట్టెక్కించింది. అదే నోటీసైపోయింది. ప్రతి గంటకీ నూట యాభై. మూడు రోజులు వరసగా తగ్గితే జట్టు మొత్తం బిళ్ళలు ఇచ్చెయ్యాలి. మెడలో ఇత్తడి బిళ్ళ లేనివాడికి రేవు గేటు తియ్యరు. ఆ నోటీసుని తెలుగు చేసి, వాళ్ళని నిలబెట్టి, గొంతెత్తి చదివింది నేనే.

మర్నాడు మధ్యాహ్నానికే లెక్క తొంభైకి పడిపోయింది. మా గట్టు రాతిది, కదలదు. పడవ మాత్రం నీటితో పాటు దిగిపోతుంది. సముద్రపు నీరు ఎగదన్ని నది పోటు మీద ఉన్నప్పుడు గట్టుకీ పడవకీ మధ్య వేసిన పలక నేలలా చదునుగా ఉంటుంది. ఆటు వేళ అదే పలక నిచ్చెనలా నిలబడుతుంది. బస్తా వీపున వేసుకుని దాన్నెక్కాలి. మిగతా జట్లు ఆ వారం గోదాములో ఉన్నాయి కాబట్టి ఈ దెబ్బ మొదట అప్పలసామి వాళ్ళకే తగిలింది.

రెండోరోజు సాయంత్రం అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ గంట కొలిసిన పూట నీరెంతుందో రాసుకున్నారేటి బాబూ?"

పుస్తకం తీశాను. పడవ పేరుంది, టైముంది, గీతలున్నాయి. నీటి మట్టం లేదు. నది పోటు, ఆటు వేళలు చూపే టైడ్ టేబుల్ నా తలమీద మేకుకే వేలాడుతోంది. మేం కొలిచిన ఆ గంటకి నిండు పోటని అందులో ఉంది.

ఆ రెండూ పట్టుకుని దొర దగ్గరికి వెళ్ళాను. ఆయన వాటి వైపు చూడనైనా చూడలేదు. నీటిని బట్టి జరిగేది డెఫినిట్ ఎలా అవుతుందన్నాడు.

"ఏ నీటికో చెప్పని అంకె మాత్రం ఎలా అవుతుంది సార్?" అన్నాను.

నన్ను లెక్కపెట్టమన్నారు గాని ఆలోచించమనలేదని చెప్పి పంపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున లేస్తే కొలత, కొలత అని కలవరించే మనిషి, కళ్ళెదుట పెట్టిన కొలత చూడడానికి తల ఎత్తడా? మూడోరోజు పన్నెండు బిళ్ళలూ నా చేతనే తీయించాడు.

నెల తిరక్కుండా ఇంకో రెండు జట్లు అలాగే పోయాయి. దించేవాళ్ళు లేక పడవలు బారులు తీరాయి. అప్పుడు కొత్త నోటీసు వచ్చింది: పోటుకి నూట యాభై, ఆటుకి తొంభై. ఇంత చక్కగా ఆలోచించినందుకు అసిస్టెంటు దొరని మెచ్చుకుంటూ పెద్దదొర రాసిన ఉత్తరాన్ని ఫైల్లో పెట్టింది కూడా నేనే. ఇప్పటికీ అది తలుచుకుంటే పళ్ళు కొరుక్కుంటాను.

ఆ ఆదివారం సంపాన్ పడవ ఎక్కి నది దాటి దలా వెళ్ళాను. అప్పలసామి జట్టు అక్కడ రైస్‌మిల్లులో ఊక ఎత్తుతోంది. బిళ్ళలు తిరిగి ఇప్పిస్తాను, రండి అన్నాను. నోటీసు మారిన సంగతీ చెప్పాను. అతను తలపాగా విప్పి ఊక దులుపుకున్నాడు. కోపంగా లేడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"తవరు నోటీసు సదివిన పూట తవరి ఎనకాల నీరు దిగిపోతంది బాబూ. మావందరం అదే సూత్తన్నాం. తవరొక్కరే కాయితం సూసినారు."

వాళ్ళు తిరిగి రాలేదు. ఆ మర్నాటి నుంచి నేను రేవులో ఉన్నన్నాళ్ళూ, మొదటి బస్తా గీత గీసేముందు నది వైపు తిరిగి, పేజీ నెత్తిన నీరెంతుందో రాశాను. రాయమని నాకెవరూ చెప్పలేదు.