బర్నబాస్ ఎడమ బూటు

మా బావ బర్నబాస్‌కి మొండితనం ఎక్కువ. పోయినవాళ్ళ గురించి మొదటి మాటే ఇలా అనకూడదంటారు. కానీ బతికుండగా ఈ మాట నేను అతని మొహం మీదే అనేదాన్ని, ఇప్పుడు మర్యాద నటించడం నాకు చేతకాదు.

బావ మా మేనత్త కొడుకు, మా రూతక్క భర్త. పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ మీద చెయ్యి ఆనించుకుని నడిచేవాడు. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే దారిలో ఒక పల్లెలో లూథరన్ సంఘానికి ఉపదేశి. పాస్టరు గారు నెలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో ప్రార్థన నడపాలన్నా, జబ్బుపడ్డవాళ్ళని చూడాలన్నా, చనిపోయినవాళ్ళకి మట్టి ఇవ్వాలన్నా ఉపదేశే వెళ్ళాలి. చుట్టుపక్కల జాలరి పల్లెలు కూడా బావవే. గుడి పక్కనున్న రెండు గదుల ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చిందే.

నడక కష్టం గానీ, సైకిలెక్కితే బావని పట్టుకోలేం. కుడికాలితోనే తొక్కేవాడు. చిక్కల్లా ఎడమకాలితోనే. అందులో పట్టు లేదు కాబట్టి పెడల్ మీద నిలవదు, జారి కిందపడి రాళ్ళకి రాసుకుంటుంది. అందుకని పాత ట్యూబు ముక్కతో ఆ పాదాన్ని పెడల్‌కి కట్టేవారు. కట్టేది అక్క. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి ఉదయం అరుగు ముందు వంగి కూర్చుని కట్టేది.

“బిగిసిందా?”

“ఆఁ.”

“నెప్పెడుతోందా?”

“లేదులే, వదులు.”

వాళ్ళిద్దరి మధ్య నేను విన్న సరసం ఇంతే. “మొగుణ్ణి సైకిల్‌కి కట్టేసి ఊరి మీదకి పంపేది నువ్వొక్కదానివేనే అక్కా” అని నేను ఏడిపించేదాన్ని. అక్క సిగ్గుపడేది కూడా.

కట్టడం వరకూ బాగానే ఉంది, దిగడమే కష్టం. ముడి విప్పాలంటే రెండు చేతులూ కావాలి, గోడ పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. అందుకని ఏ ఊరు వెళ్ళినా బావ గోడ పక్కన ఆగి, “ఎవరు బాబూ, కాస్త కాలు విప్పండి” అని పిలవాల్సి వచ్చేది. ఎవరో ఒకరు వచ్చి విప్పేవాళ్ళు. ఎవరూ విసుక్కున్నది నేను చూడలేదు. విసుగు బావకే.

రెండు వేల ఐదు ఎండాకాలంలో ఒక ముసలావిడ చనిపోతే బావ మట్టికి వెళ్ళాడు. అప్పటికే పెట్టె లేపేశారు. జనమంతా పాట పాడుకుంటూ ముందుకెళ్ళిపోయారు. బావ గోడకి ఆనుకుని పిలుస్తూనే ఉన్నాడు, పాటలో ఎవరికీ వినబడలేదు. సమాధి దగ్గర అందరూ ఎండలో నిలబడి ఎదురుచూశారు. చివరికి కమిటీ పెద్ద చిన్నయ్య గారే వెనక్కి వచ్చి కాలు విప్పి, సమాధి దగ్గరకి తీసుకెళ్ళి, అందరూ వినేలా అన్నాడు: “మనల్ని నడిపించాల్సిన మనిషిని రోజూ మనమే దించుకోవాలంటే ఎట్టాగయ్యా? కాలు బాగున్న ఉపదేశిని అడుగుదాం.”

ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. బావకి ఆ భయం ఉంది. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అక్కతో అన్నది వేరే మాట. “ఇక మీదట కాలు విప్పమని ఎవర్నీ పిలవను రూతూ. పిలిస్తే చూడు.”

నేను తెనాలిలో టీచరుని. సెలవులకి వెళ్ళి ఈ సంగతి విని, బావని తెనాలి తీసుకొచ్చి షంషుద్దీన్ గారి సైకిల్ షాపులో కూర్చోబెట్టాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆయన మొదట పాదాన్ని పెడల్‌కి ముక్కుతాడులా బిగించే పట్టీ చూపించాడు. అది కూడా విప్పాల్సిందే కాబట్టి బావ వద్దన్నాడు. అప్పుడు మద్రాసు నుంచి పాత సామానుతో వచ్చిన పందెం సైకిల్ పెడళ్ళు, బూట్లు తీశాడు. బూటు అడుగున ఇనుప బిళ్ళ ఉంటుంది. దాన్ని పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కున కరుచుకుంటుంది.

“మడమ ఇట్టా బయటికి తిప్పితే వదిలేస్తదండి” అన్నాడు షంషుద్దీన్ గారు.

“నా మడమ తిరగదు కదా సాయిబుగారూ.”

“అయితే ఇది మీకు పనికిరాదు సార్.”

బావ ఆ బూటుని తిప్పితిప్పి చూశాడు. పైన అంటుకునే పట్టీ ఉంది, ఒక్క చేత్తో లాగితే వచ్చేస్తుంది. “గుళ్ళోకెళ్ళేటప్పుడు చెప్పులు గుమ్మం దగ్గర వదిలేస్తాం కదా, నేను పెడల్ మీదే వదిలేస్తాను. బూటు దాని మీదే ఉంటుంది, కాలు నాతో వస్తుంది” అన్నాడు. పందెంగాళ్ళ బూటుని గుమ్మం చెప్పు చేసినవాడు ఇంకొకడుంటాడా అని నేను నవ్వాను. అంత ఆనందం అతని మొహంలో నేను ముందెప్పుడూ చూడలేదు.

పెడల్ మర కలవకపోతే షంషుద్దీన్ గారు దాన్ని తగిలించే ఎడమ క్రాంకు కడ్డీ కూడా మార్చాడు. కుడివైపు మామూలు పెడలే ఉంచాడు. బూటు పెద్దదైతే అక్క పాత గుడ్డ కూరింది. పెడల్‌కి పట్టు బిగించే చిన్న మరమేకు ఒకటుంది. షంషుద్దీన్ గారు దాన్ని బాగా వదులు చేసి, “పడితే బూటు ఊడి రావాలి సార్, దీన్ని ముట్టుకోవద్దు” అన్నాడు. గతుకుల రోడ్డు మీద బూటు మాటిమాటికీ ఊడిపోతుంటే బావ ఇంటికెళ్ళి దాన్ని పూర్తిగా బిగించేశాడు. నేను అడిగితే, “పడేవాళ్ళకి కదా ఆ మాట” అన్నాడు. అదీ మొండితనం.

ఉద్యోగం నిలిచింది. బావ గోడ పక్కన ఆగడం, పట్టీ లాగడం, దిగడం, అంతే. చిన్నయ్య గారు కూడా మెచ్చుకున్నాడట. ఇంతకు ముందు వెళ్ళని పల్లెలకి కూడా వెళ్ళడం మొదలుపెట్టాడు. వాన పడితే అక్కడే ఎవరింట్లోనో పడుకుని మర్నాడు వచ్చేవాడు.

అక్క మాత్రం కొన్నాళ్ళు అలవాటుగా సైకిల్ దగ్గరకొచ్చి నిలబడేది. “నీకింక వంగే బాధ లేదు, నడుం నెప్పి కూడా తగ్గుద్ది” అనేవాడు బావ. మంచి మనసుతోనే అన్నాడు. మగవాళ్ళు మంచి మనసుతో అనే మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. ఆ తర్వాత అతను బయల్దేరే వేళకి అక్క వంటింట్లోంచి రావడం మానేసింది.

“మీ బావకి నాతో పని అయిపోయిందే సుజనా” అంది ఒకసారి.

“నీకు బుద్ధి లేదు” అని కోప్పడ్డాను.

మరుసటేడు అక్టోబరు చివర తుఫాను పట్టింది. నిజాంపట్నం వైపు పల్లెలో జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్ళిన బావ ఆ సాయంత్రం రాలేదు. ట్యూబు కట్టే రోజుల్లో అయితే చీకటి పడగానే అక్క మనుషుల్ని పంపేది, ఎక్కడో దిగలేక ఉన్నాడని. ఇప్పుడు తనే దిగగలడు కదా. వానకి అక్కడే ఆగి ఉంటాడనుకుని తలుపేసుకుంది.

బావ కాలవ గట్టు బురదలో ఎడమవైపు పడ్డాడు. సైకిల్ అతని మీద పడింది. బూటు వదల్లేదు. పట్టీ సైకిల్ కింద నీళ్ళలో ఉండిపోయింది, చెయ్యి అందలేదు. నడుం దాకా నీళ్ళలో రాత్రంతా వానలో ఉన్నాడు. తెల్లారి హార్బరుకి పనికెళ్ళే పౌలు అనే మనిషి చూసి, రేపల్లె దారి మునిగిపోవడంతో ఆటోలో బాపట్ల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కా, నేనూ చేరేసరికి స్పృహ లేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

నాకు దుఃఖం కంటే కోపం ముందొచ్చింది. వరండాలోనే అనేశాను. “ఆ గట్టు పక్కనే రోడ్డు. సాయంత్రం హార్బరు జనమంతా ఆ దారినే వస్తారు. ఒక్క కేక వేస్తే ఏం పోయేది? పిలవనంటే పిలవనని చచ్చిపోయాడు.”

గోడకి ఆనుకుని ఉన్న పౌలు తల దించుకున్నాడు. “పిలిచాడమ్మా” అన్నాడు.

అక్క తలెత్తింది.

“ఆయన పడ్డ రోజు సాయంత్రం మేం నలుగురం ఆ దారినే వచ్చాం. గట్టు కింద నుంచి ఎవరో ‘రూతూ, రూతూ’ అంటన్నాడు. వానలో గడ్డి కోసుకుంటన్న పెళ్ళాన్ని ఇంటికి పిలుచుకుంటన్నాడనుకున్నాం. బాబూ అనుంటే దిగేవాళ్ళమమ్మా.”

అక్క లేచి పౌలు ముందుకొచ్చి నిలబడింది. తర్వాత అడిగింది.

“కోపంగా పిలిచారా?”

“లేదమ్మా. ఇంట్లో ఉన్న మనిషిని పిలిచినట్టే పిలిచాడు.”

“ఎంతసేపు?”

“మేం మలుపు తిరిగేదాకా వినపడిందమ్మా.”