మందారం కొమ్మ మీద మాడ్స్ కుటుంబం

పాతికేళ్ల వయసులో ప్రతి మనిషికీ సృష్టి రహస్యాలన్నీ తన కోసమే కాచుకుని కూర్చున్నాయనే భ్రమ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది ఎంత లావు భ్రమంటే, శాలిబండలో షేర్ ఆటో ఎక్కితే దానికి నా పక్కన ఇంకో సీటు కావలసి వచ్చేది. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేసే కుర్రాణ్ని, నా అంశం మాడ్స్ అనే జన్యువుల కుటుంబం. వీటి నుంచి పుట్టే ప్రోటీన్లు తాము పెద్దగా ఒళ్లు వంచవు. మిగతా జన్యువుల్లో ఏది ఎప్పుడు లేవాలో, ఏది పడుకోవాలో చెబుతాయి. (పెళ్లింట్లో కుర్చీ దిగకుండా వంటవాళ్లకూ, బాజావాళ్లకూ ఆజ్ఞలిచ్చే మేనమామలను తలచుకోండి.) ఈ వంశం పువ్వు కంటే పాతది. పువ్వే పూయని ఫెర్న్ మొక్కల్లో కూడా ఉంది. కోట్ల ఏళ్లలో ఒక్కో జన్యువుకూ నకళ్లు పుట్టాయి. ఒకటి పాత పని చూసుకుంటుంటే రెండోది ఖాళీగా కూర్చోలేక కొత్త పని నేర్చుకుంది. అలా కొందరు రేకులు, కొందరు కేసరాలు, కొందరు కాయ పండటం పంచుకున్నారు. పువ్వంటే ఈ బంధువుల మధ్య ఒప్పందమని తెలిసిన రోజు నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు (మెస్సులో ఆ రోజు కాకరకాయ కూర కావడం వేరే సంగతి).

నేను పైగదిలో అద్దెకుండే ఇంటి యజమానురాలిని గల్లీ అంతా పెద్దమ్మ అనేది. ఆమె గేటు పక్క మందారం చెట్టులో ఒక కొమ్మ ఉంది. దాని మీద ఒక పువ్వు అయిదు రేకులతో బుద్ధిగా పూస్తే, పక్కది ముద్దగా పూసేది. కేసరాలు రావలసిన చోట మళ్లీ రేకులే వస్తే ముద్దమందారం; అంటే కేసరాల బాధ్యత గల మేనమామ ఆ పూట డ్యూటీకి సరిగా రాలేదన్నమాట. ఒకే కొమ్మ మీద ఇక్కడ వచ్చినవాడు అక్కడెందుకు రాలేదు? ఈ ప్రశ్న నన్ను నిద్రలో కూడా గిచ్చేది. మా సారు మాత్రం కళ్లజోడు పైనుంచి చూసి, "పువ్వులు కాదు, మినప గింజంత మొగ్గలు కావాలె. ఏది రేకు, ఏది కేసరం అన్నది అప్పుడే తేలిపోతది. సోమవారంకల్లా తే. లేకుంటే ఈ టాపిక్ ఇంకొకరికి ఇస్త," అన్నారు.

ఇబ్బంది ఏమిటంటే, పెద్దమ్మ రోజూ పూజకని మొగ్గలు కూడా తెంపేది. అందుకని ఇంకా ఆ సైజుకు రాని పది మొగ్గలకు గుర్తుగా దారం కట్టి, నంబరు రాసిన కాగితం మడిచి తగిలించాను. ల్యాబులో తెల్లదారం అయిపోయింది. వానకు రంగు పోకుండా ఉంటుందని పూజ సామాన్ల దుకాణంలో ఎర్రదారం ఉండ కొన్నాను. నా పరిశోధక జీవితంలో నేను స్వతంత్రంగా తీసుకున్న మొదటి నిర్ణయం అదే. "వీటిని తెంపకు పెద్దమ్మా, నా బతుకు వీటి మీదనే ఉంది," అని చెప్పి సెమినారుకని అయిదు రోజులు వేరే ఊరు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి కొమ్మ కనిపించలేదు. దారాలు కనిపించాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఒక చోట చీర అంచు కూడా. గేటు దగ్గర అగరుబత్తి వెలుగుతోంది. నా పది మొగ్గలూ ఈలోగా నా అంచనాకు మించి బలిసిపోయి దేనికీ పనికిరాకుండా ఉన్నాయి; కొత్తగా వచ్చిన చిన్న మొగ్గ ప్రతి ఒక్కటీ ఎవరిదో ఒకరి మొక్కు కింద ఉంది.

"నేనేం జేసిన బిడ్డా," అంది పెద్దమ్మ. "దారం ఏందని గల్లీలోల్లు అడిగిన్రు. పిలగాని బతుకు దాని మీదనే ఉందట అన్న. గంతే."

ఆదివారం తెల్లారగానే బ్లేడు పట్టుకుని, దొంగ కంటే నెమ్మదిగా కొమ్మ వంచాను. వెనక పంక్చర్ దుకాణం చాచా గొంతు వినిపించింది.

"అరే భాయ్, గది నా బిడ్డ టెన్త్ పరీక్షది. లెక్కలంటే దానికి బుఖార్ వస్తది. నీకు దానితోని ఏం దుష్మనీ?"

మాడ్స్ కుటుంబ చరిత్ర మొత్తం ఆయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే లోపల ఎవడో హుకుం ఇస్తుండు, గా హుకుం ఎవడిస్తుండో నువ్వు దేవులాడుతున్నవ్," అన్నాడు. (సారుకు ఇదే విషయం అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.) "మరి అడిగి తీస్కో. మా బిడ్డ పేరు గూడ నీ కాపీల రాయి. మొక్కు గా కాపీలకు మారినట్టు."

ఆ రోజంతా ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరూ కాదనలేదు, కానీ ప్రతి ఒక్కరూ తమ మొక్కు నా నోటుపుస్తకంలో సరిగ్గా రాశానా లేదా అని చదివించుకుని మరీ వదిలారు. సోమవారం సారు టేబుల్ మీద పెట్టిన నా పట్టికలో మొగ్గ పొడవు, కోసిన సమయం, ఆ పక్కన "చాచా బిడ్డ లెక్కల పరీక్ష", "కోడలికి నడుం నొప్పి", "కిషన్‌బాగ్‌లో ఇల్లు దొరకాలి" అని వరసగా ఉన్నాయి. సారు రెండు పేజీలూ చదివారు. అంశం పోయినట్టేనని నేను అప్పటికే నిశ్చయించుకుని, ఇంట్లో ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మొగ్గల డబ్బా తన వైపు లాక్కున్నారు.

"మొగ్గలు మంచిగున్నయ్. ఫ్రీజర్‌ల పెట్టు," అన్నారు. నేను తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి, "ఆ పిల్లకు పరీక్ష ఎప్పుడంట?" అని అడిగారు.

ఆ మేనమామ ఎందుకు డ్యూటీకి రాలేదో నాకు సగమే తెలిసింది. మిగతా సగం నాకంటే తెలివైనవాళ్లు ఇంకా వెతుకుతున్నారు. పట్టికలో అంకెలు ఒక్కటీ గుర్తులేవు. ఆ చివరి గడుల్లో ఎవరింటికి ఏం కావాలో మాత్రం ఇప్పటికీ వరసగా చెప్పగలను. బ్లేడు పట్టుకుని సృష్టి రహస్యం మీదికి వెళ్లిన ఆ కుర్రాడు అంతకంటే పనికొచ్చేది ఏదీ రాసుకోలేదు పాపం.