మా కుందేలూ నానమ్మ పెరుగన్నమూ

ఇవాళ పార్కులో గడ్డి కోస్తుంటే ఆ పచ్చి వాసనకు మా తెల్ల కుందేలు గుర్తొచ్చింది. బెంగాల్లోని లిలువా రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా నానమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇత్తడి గిన్నెలోంచి పెరుగన్నం తినిపించేది.

ఒకరోజు అది తిండి మానేసి మూలన ముడుచుకుంది. పొట్ట డోలులా బిగిసింది. పెంటికలు వేయడం కూడా ఆగిపోయింది. నానమ్మ అన్నం ఇంకాస్త మెత్తగా పిసకబోయింది. ఇక లాభం లేదని నాన్న కుందేల్ని బుట్టలో పెట్టి, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

ఏం పెడుతున్నారో వినగానే, కుందేలుకు అన్నమా అని ఆ బెంగాలీ డాక్టరు నోరు తెరిచాడు.

"భాత్? ఖొర్‌గోష్‌కే భాత్?"

అన్నమే దాని పొట్టను పాడుచేసిందని, ఇకమీదట గడ్డీ నీళ్లే పెట్టాలని చెప్పి మందు పట్టించాడు. నాన్న అది తెలుగులో చెప్పగానే నానమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటీ? నా సేత్తో ఎట్టిన బువ్వే దీన్ని సంపేత్తందేటిరా?"

ఆ సాయంత్రం తనే రైలు పట్టాల కంచె పక్కన కూర్చుని గరిక పీకింది. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు.

తెల్లారేసరికి వరండాలోంచి ఆవిడ కేక. కుందేలు పోయిందనుకుని గుండెలు పట్టుకుని పరుగెత్తాం.

"ఏసిందిరా! సూడండి, ఏసింది!"

కాకి రెట్ట మీద పడితే తలస్నానం చేసే మనిషి, అరచేతిలో పెంటికలు పెట్టుకుని మేం బౌది అనే ఎదురింటి బెంగాలీ వదినను పిలిచి మరీ చూపిస్తోంది.