రసూల్ సాబ్ చూడని బోర్లు

చిలమత్తూరు చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో ఎవరు బోరు వేయించాలన్నా ముందు రసూల్ సాబ్‌ను పిలవాల్సిందే. ఆయన పాత మోపెడ్ మీద వస్తాడు, చెప్పులు గట్టు మీద విడుస్తాడు, పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. అక్కడ మూడు రాళ్లు పేర్చి, "ఈడ ఏయించప్పా" అంటాడు. దాన్నే పాయింట్ పెట్టడమంటారు. అంతే ఆయన పని. నవ్వేవాళ్లు నవ్వనీ. ఎనిమిది వందల అడుగుల లోతున ఏముందో చూసొచ్చినవాడెవడు? ఉన్నదంతా ఊడ్చి భూమికి చిల్లి పెట్టబోయే రైతుకు ధైర్యం చెప్పే మనిషి ఒకడు కావాలి. ఇరవై రెండేళ్లుగా ఆ మనిషి రసూల్ సాబ్.

ఆ పనికి ఒక కట్టుబాటుంది. బోరు బండి వచ్చిన రోజు పాయింట్ పెట్టినవాడు దగ్గరే ఉండాలి. నీళ్లు ఎగజిమ్మితే కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప చేతికిస్తారు. అది తీసుకుని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. మళ్లీ ఆ బోరు దగ్గరికి పోకూడదు. "పాయింట్ పెట్టినోడి కన్ను మంచిది కాదురా. పడిన నీళ్లను రెండోసారి చూస్తే ఇంకిపోతాయి" అని, ఈ విద్య నేర్పిన మేనమామ ఆయనకు చెప్పాడు. రసూల్ సాబ్ ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. దారిలో తాను పెట్టిన బోరు ఎదురైతే తల అటు తిప్పుకుని బండి నడిపేవాడు. తర్వాత అందులో నీళ్లున్నాయో పోయాయో ఆయనకు తెలియదు. రైతులూ వచ్చి చెప్పేవాళ్లు కాదు, ఎండితే తమ ఖర్మ అనుకునేవాళ్లు. ఎంత హాయైన కట్టుబాటో చూడండి! తప్పు తెలిసే దారే లేనప్పుడు మనిషి తప్పెలా చేస్తాడు?

ఆయనకు ఒక్కతే కూతురు, షాహిదా. తల్లి రోషన్ బీ ఇంట్లో మిషను కుడుతుంటే, ఈ పిల్ల పదకొండేళ్లప్పటి నుంచీ సెలవొస్తే చాలు, తండ్రి వెనక మోపెడ్ ఎక్కేది. ఊరికే కూర్చునే రకం కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి, తండ్రి పెట్టిన ప్రతి పాయింటూ రాసింది. తను పుట్టకముందువి కూడా ఆయన చేత చెప్పించుకుని రాసింది. ఏ ఊరు, ఎవరి పొలం, ఎన్ని అడుగుల్లో ఏ రంగు రాయి తగిలింది, ఎన్నించుల నీళ్లు పడ్డాయి, ఇప్పటికీ పారుతున్నాయా. రసూల్ సాబ్ జ్ఞాపకం గొప్పది, గడగడా చెప్పేవాడు. చివరి ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు.

"పారకుండా యాడికి పోతాయి పాపా? మీ నాయన పెట్టిన పాయింటు."

సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సునంద మేడం ఆ నోట్‌బుక్ చూసి, చివర ఇంకో గడి గీయించింది. పైన 'ఎవరి మాట' అని రాయించింది. సైన్సులో ఏ సంగతైనా ఎవరు చూసి చెప్పారో రాయాలట. షాహిదా ఓపికగా ప్రతి వరసలోనూ 'నాయన' అని నింపింది. 'నాయన' అన్న ఆ మాట అన్నిసార్లు అచ్చుగుద్దినట్టు కనిపించేసరికి రసూల్ సాబ్‌కు ఎంత మురిపెమో! వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ చూపించేవాడు.

ఆ నోట్‌బుక్‌లోంచే షాహిదా ఒక సంగతి పట్టింది. టేకులోడు నుంచి కొడికొండ వైపు నేల కింద ఒక నల్లరాతి చాలు పోతుంది. ఆ చాలుకు ఎగువన తండ్రి పెట్టిన బోర్లు అరవై రెండు. వాటిలో నలభై ఎనిమిదింట నీళ్లు పడ్డాయి, తండ్రి మాట ప్రకారం వాటిలో ఒక్కటీ ఎండలేదు. అంటే ఆ నల్లరాయి నేల లోపల కట్టలాగా నీటిని ఆపుతోంది. అది తెలిస్తే రైతులు కనబడినచోటల్లా తవ్వి చేతులు కాల్చుకోనక్కర్లేదు. సునంద మేడం ఆ కాగితాలు రెండుసార్లు చదివి, "నువ్వు అమెరికాకు అప్లై చెయ్యి" అంది.

మేడం చెప్పిన దాన్నిబట్టి అక్కడ కొన్ని పెద్ద యూనివర్సిటీలున్నాయి. సీటిస్తే చదువు, తిండి, విమానం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఇవ్వడమే గగనం. వందమంది అడిగితే ముగ్గురికో నలుగురికో దొరుకుతుంది, బయటి దేశాల పిల్లలకు అంతకన్నా తక్కువ. మార్కులొక్కటే చాలవు. నువ్వు స్వంతంగా ఏం కనిపెట్టావో చెప్పాలి. షాహిదా బెంగుళూరు పోయి పరీక్ష రాసింది, మేడం ఆమె గురించి ఉత్తరం రాసింది, నల్లరాతి చాలు మీద వ్యాసం పదకొండుసార్లు తిరగరాశారు. డిసెంబరు నెలాఖరుకు ఆరు యూనివర్సిటీలకు పంపారు. ఆ ఆరింటికీ తన పాయింట్ల కథే వెళ్లిందని తెలిసి రసూల్ సాబ్ రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక యూనివర్సిటీ తరఫున ఇంటర్వ్యూ వచ్చింది. అక్కడ చదివి బెంగుళూరులో ఉంటున్న ఒకావిడ ఫోన్ వీడియోలో మాట్లాడింది. రసూల్ సాబ్ కెమెరాకు కనపడకుండా గోడ పక్కన కూర్చుని విన్నాడు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా, కూతురి గొంతు గలగలా సాగుతుంటే ఆయన కడుపు నిండింది. ఒక్కచోట మాత్రం ఆ గొంతు ఆగింది.

ఫోన్ పెట్టేశాక అడిగాడు. "ఏమనింది పాపా?"

"చానా బాగుందనింది నాయనా. ఈ అరవై రెండు బోర్లలో ఇప్పుడు పారతాండాయో లేదో నీ కండ్లతో చూసినవి ఎన్నని అడిగింది. ఒగటీ లేదన్నా. కొన్నయినా చూసి రాయి, నా రిపోర్టులో కలుపుతా అనింది."

షాహిదాకు మర్నాటి నుంచి ప్రాక్టికల్స్. ఒక్క రోజు తీరిక లేదు. అయినా పిల్ల పద్ధతి తప్పదు. అరవై రెండు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి, కళ్లు మూసుకుని ఇరవై తీసింది. రసూల్ సాబ్ ఆ చీటీల వైపు చూశాడు. మేనమామ మాట గుర్తొచ్చింది. కానీ కూతురు చూస్తోంది.

"నువ్వు చదువుకో. నేను పోయొస్తా" అన్నాడు.

మొదటి చీటీ కొండప్ప పొలం. ఊరికి రెండు మైళ్లు. నాలుగేళ్ల కిందట అక్కడ రెండించుల నీళ్లు పడినప్పుడు కొండప్ప ఆయన్ను భుజాల మీదకెత్తుకుని ఎగిరాడు. ఇప్పుడు ఆ బోరు పైపు మీద బండరాయి పెట్టి ఉంది. చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది. రసూల్ సాబ్ బండ పక్కకు జరిపి ఒక గులకరాయి లోపలికి వదిలాడు. చెవి ఒగ్గి విన్నాడు. రాయి గోడలకు తగులుతూ పోయిన చప్పుడే తప్ప నీళ్ల చప్పుడు లేదు.

కొండప్ప భార్య చిన్నక్క వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. "ఏం సాబన్నా, నువ్వు ఈడికి రాకూడదు గదా?"

"ఎప్పుడు పోయినాయమ్మా నీళ్లు?"

"మూడు నెల్లు పారినాయి. అంతే. ఆయప్ప బెంగుళూర్లో సెంట్రింగు పనికి పోయి మూడేండ్లాయె."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తావు? నువ్వు ఇచ్చినావు, దేవుడు ఎత్తుకపోయినాడు. నిన్నంటే పాపం తగలదా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, తాగమని చెంబుతో నీళ్లు ఇచ్చింది, అవి కూడా ట్యాంకరు నీళ్లు. రసూల్ సాబ్ ఆ బండ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకో చిన్నక్కకు అర్థం కాలేదు. కొంగుతో కళ్లొత్తుకుంటూ పక్కనే నిలబడింది.

నాలుగు రోజులు తిరిగాడు. ఇరవై బోర్లలో నీళ్లున్నవి నాలుగు. నల్లరాతి చాలు కట్టా లేదు, పాడూ లేదు. పదహారు చోట్ల బండరాళ్లే. అన్ని చోట్లా జనం మర్యాదగా మాట్లాడారు. ఒక్కరంటే ఒక్కరు కూడా నువ్వు మమ్మల్ని ముంచావు అనలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి షాహిదా వాకిట్లో నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తండ్రి మొహాన్ని చూసి పరిగెత్తుకొచ్చింది.

"ఎన్నింట్లో ఉండాయి నాయనా?"

దారి పొడుగునా నిజం చెప్పాలనే అనుకుంటూ వచ్చాడు, పాపం. చెప్తే కూతురు ఆరు నెలలు కట్టుకున్న మేడ కూలిపోతుంది. తన ఇరవై రెండేళ్లూ అందులోనే పోతాయి. ఆ రెంటిలో దేనికి ఎక్కువ భయపడ్డాడో అడిగితే ఆయన కూడా చెప్పలేడు. కూతురి మీద ప్రేమ అని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు గానీ, ఆ ప్రేమ వెనక పరువు నక్కి కూర్చుని ఉందని ఆయనకు తెలుసు.

"పదైదింట్లో" అన్నాడు. "పదైదింట్లో పారతాండాయి పాపా."

షాహిదా తండ్రిని గట్టిగా కావలించుకుంది. "లెక్క సరిపోయింది నాయనా! నాలుగింట మూడు. నేను రాసింది సరిగ్గా అంతే!" ఆ సాయంత్రమే బెంగుళూరు ఆవిడకు రాసి పంపింది.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆవిడ చాలా సంతోషించిందట. పారే బోరు పక్కన షాహిదా నిలబడిన ఫొటో ఒకటి పంపితే అది కూడా కలుపుతానంది. ప్రాక్టికల్స్ ఆనాటితో అయిపోయాయి. షాహిదా మంచి చుడీదారు వేసుకుని, తల దువ్వుకుని, మోపెడ్ తాళం చెవి తీసుకుంది. "దగ్గరుండేది కొండప్ప మామ బోరే కదమ్మా, ఆడికి పోయొస్తా" అని తల్లికి చెప్పింది. రసూల్ సాబ్ ఆ టైముకు ఇంట్లో లేడు. ఉంటే అడ్డం పడేవాడే.

ఆమె గంటలో వస్తుందనుకుంటే రాలేదు. పొద్దు వాలేదాకా రాలేదు. మర్నాడు కూడా పొద్దున్నే వెళ్లిపోయింది. ఎక్కడికని తల్లి అడిగితే "పనుండాది" అంది. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. మొహమంతా దుమ్ము, మంచి చుడీదారుకు తుమ్మముళ్ల చిరుగులు. రసూల్ సాబ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. కోపంగా లేదు. కోపమైతే ఆయన ఎలాగో తట్టుకునేవాడు.

"నాయనా, ఒగ మాట అడుగుతా. తేదీ రాసుకోవాల. పదైదింట్లో నీళ్లుండాయని నువ్వు నాకు చెప్పింది, బోర్లు చూడకముందా, చూసినాకా?"

రసూల్ సాబ్ నోట్‌బుక్ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"చిన్నక్కత్త చెప్పింది. మీ నాయన వచ్చి, బండ తీసి, రాయేసి చూసి, ఏడ్చిపోయినాడు పాపా అనింది. నేను నమ్మలే. ఇరవై తావులకూ పోయినా. పోయిన ప్రతి తావులోనూ మీ నాయన మొన్న వచ్చిపోయినాడే అన్నారు."

"చూసినాక" అన్నాడు రసూల్ సాబ్. "చూసినాకే చెప్పినా తల్లీ."

షాహిదా తల ఊపింది. స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో, 'ఎవరి మాట' కింద మొదటి వరసలో 'నాయన' అన్న మాట కొట్టేసింది. తర్వాత రెండో వరస. పేజీ తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. చూసొచ్చిన ఇరవై వరసల్లో పక్కన 'నేను' అని రాసుకుంది. మిగతావి ఖాళీగా వదిలేసింది. లోపల రోషన్ బీ మిషను ఆపేసింది. పెన్ను గీత చప్పుడు ఒక్కటే వినిపించింది. రసూల్ సాబ్ లేచి పోలేక, చూడలేక, అన్ని పేజీలూ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు ఆమె ఆరు యూనివర్సిటీలకూ, బెంగుళూరు ఆవిడకూ ఉత్తరం రాసింది. నేను పంపిన లెక్క తప్పు, ఇరవైలో నాలుగే, నేనే పోయి చూశాను, నా వ్యాసంలో చెప్పింది నిలబడదు అని. "తప్పు ఒప్పుకోవడం మంచిదే అంటారు, చూద్దాం" అంది సునంద మేడం. అప్పుడు కూడా రసూల్ సాబ్ ఆశ చావలేదు. ఇంత నిజం చెప్పిన పిల్లకు ఇవ్వరా అనుకున్నాడు. మార్చి ఆఖరు వారంలో ఒకటి తర్వాత ఒకటి జవాబులొచ్చాయి. ఆరూ లేదనే అన్నాయి. కారణం ఏమీ రాయలేదు. వాళ్లు ఎవరికీ రాయరట. ఉత్తరం వల్ల పోయిందా, ముందే పోయిందా అన్నది ఎవరూ చెప్పలేరని మేడం అంది. రసూల్ సాబ్‌కు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. తానే పోగొట్టానన్నది ఆయన గుండెలో దిగబడిపోయింది.

షాహిదా హిందూపురంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. తండ్రికి వేళకు అన్నం పెట్టేది, మందులు గుర్తు చేసేది, అడిగినదానికి బదులిచ్చేది. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు.

పని మానేస్తే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? మే నెలలో రసూల్ సాబ్ వీరాపురం దగ్గర కుళ్లాయప్ప అనే రైతుకు పాయింట్ పెట్టాడు. తొమ్మిది వందల అడుగుల్లో నీళ్లు ఎగజిమ్మాయి. ఎన్నాళ్ల తర్వాతో ఆయన మొహం విప్పారింది. కొబ్బరిచిప్ప పట్టుకుని ఇంటికొచ్చి, వాకిట్లోంచే కేక వేశాడు.

"పాపా! వీరాపురంలో రెండున్నరించులు పడినాయి. నోట్‌బుక్కు తీయ్, రాసుకో!"

షాహిదా నోట్‌బుక్ తెచ్చింది. పెన్ను తెరవలేదు. చెప్పులు తొడుక్కుని తండ్రి ముందు చెయ్యి చాచింది.

"తాళం చెవి ఇయ్యి నాయనా. పోయి చూసొచ్చి రాస్తా."

రసూల్ సాబ్ జేబులోంచి తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.