నంబరు ప్లేటు మీద మట్టి

మా బాపు తన పాత స్కూటరు నంబరు ప్లేటు మీద ఏపీని చెరిపేసి, ఎర్ర రంగుతో టీజీ అని రాసుకున్నాడు. మా ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. అప్పట్లో మా దిక్కు చాలా బండ్ల మీద అదే ఉండేది.

రాష్ట్రం కోసం జరిగిన సమ్మెలో బడులు మూతబడ్డాయి. పంతులైన బాపుకు పని లేదు. "మీ వైపు చూడ్డానికేముందండీ" అని అవతలి ప్రాంతం నుంచి వచ్చిన సాటి పంతులు ఒకాయన అన్న మాట మనసులో పెట్టుకుని, మా దిక్కంతా చూపిస్తానని నన్ను బండి వెనకాల ఎక్కించుకున్నాడు. లింగాల ఘనపూర్ నుంచి గంగారం మీదుగా భూపాలపల్లి దాకా, తీరిగ్గా. జనగామలో చాయ్ తాగాం. మానుకోటలో చుట్టాలింట్లో పడుకున్నాం. పత్తిచేను కనిపిస్తే ఆగడమే, మనిషి కనిపిస్తే పలకరించడమే.

గంగారం అడవి మొదలయ్యే చోట పోలీసాయన ఆపాడు.

"సారూ, గా అక్షరాలు గీకేయుండ్రి. పైనుంచి ఆర్డరున్నది."

"నేను గీక."

"బండి గుంజుకోవాల్సొస్తది."

బాపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. "గుంజుకో బిడ్డా. మేం నడిచి పోతం."

నాకు ఒళ్లు మండింది. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క బండే. పైగా బాపుకు మోకాళ్ల నొప్పి. "రెండక్షరాలే గద బాపూ, మళ్ల రాసుకుందం" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. సంచి మోస్తూ, గొణుక్కుంటూ వెనకే నడిచాను.

తండా దగ్గర ఒక లంబాడా అవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. బండి సంగతి విని నవ్వింది. "చిన్నప్పుడు బడిల మా మాట మాట్లాడితే పంతులు కొట్టేది. ఇడిసిపెట్టినమా?"

పట్నం కాలేజీలో ఎవరూ నవ్వకూడదని నా మాట దాచుకుని, వాళ్లలాగా మాట్లాడేదాన్ని. నన్నెవరూ కొట్టనైనా లేదు. సిగ్గేసింది.

పొద్దు వాలకముందే పోలీసాయన మా స్కూటరు తోలుకొచ్చాడు. ప్లేటు నిండా తడిమట్టి పూసి ఉంది.

"మట్టి వడ్డది సారూ. ఇగ నాకేం కనవడ్తలేదు. జర సప్పుడు చెయ్యకుంట పోండ్రి."

బాపు ఆయన భుజం తట్టి బండెక్కాడు.

కొంత దూరం పోయాక వాగొచ్చింది. బండి ఆపించి దిగాను. చున్నీ కొంగు తడిపి ప్లేటు రుద్దాను. మూలల్లో ఎండిన మట్టిని గోళ్లతో గీకాను. ఎర్రక్షరాలు బయటపడ్డాయి.

"ముందట మళ్ల ఆపుతరు బిడ్డా" అన్నాడు బాపు.

"ఆపనియ్యి బాపూ. నడుస్తం."