కుందేలుకు అందిన తాంబూలం

మా ఇంటి కుందేలుకు ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న ప్రశ్న నెల రోజులపాటు నా ముందు నిలబడింది. మా తాత ముందు నిలబడడానికి మనుషులే జంకేవారు. ప్రశ్నల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మేము పుంగనూరులో అద్దెకుంటున్నాం. మేడ మీద ఇంటి యజమానురాలు, కింద నేను, మా ఆవిడ, డిగ్రీ మొదటి ఏడు చదివే మా అమ్మాయి. తాతల నాటి ఇంటి నుంచి మాతో వచ్చింది టేకు పడక కుర్చీ ఒక్కటే. అమ్మాయి తెచ్చుకున్న మగ కుందేలు ఈడుకు రాగానే, ఇంట్లో ఇంకే చోటూ లేనట్టు ఆ కుర్చీ కాళ్ల మీదే ఉచ్చ చిమ్మడం మొదలుపెట్టింది. వెనుదిరిగి, తోక ఎత్తి, హద్దురాయి పాతినంత శ్రద్ధగా. కుర్చీ తనదేనని దాని ఉద్దేశం. అలాంటి ఉద్దేశాలు మా వంశంలోనూ చాలా తరాలు ఉండేవి కాబట్టి నాకు కోపం రాలేదు.

కోపం యజమానురాలికి వచ్చింది. ఒకరోజు మెట్లు దిగి వచ్చి గుమ్మంలోనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందప్పా ఈ వాసన? పైదాకా వస్తాండాది. వచ్చే నెలాఖరు దాకా సూస్తా. ఈ ఇంట్లో కుందేలైనా ఉండాల, మీరైనా ఉండాల."

"అందరం ఉంటాములే అమ్మా."

"అట్లయితే నేను పోవాల."

అమ్మాయి మదనపల్లెలో పశువుల డాక్టరమ్మను అడిగి వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తే ఈ అలవాటు చాలావరకు పోతుందట. మత్తు మాత్రం కుందేలుకు కొంచెం ప్రమాదమట. ఒక పూట ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "చేయిద్దాం నాన్నా. ఎవరికన్నా ఇచ్చేసే కంటే అదే నయం" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. మా ఇంట్లో కోడెలకు విత్తు కొట్టించి ఎద్దులను చేయాలంటే ఇంటి పెద్ద తన చేత్తో ఆ పనివాడికి తాంబూలం ఇవ్వాలి. అది అందనిదే అతను కోడె మీద చెయ్యి వేసేవాడు కాదు. ఇచ్చాక పెద్దాయన వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయేవాడు. మా నాన్న నాటికే కోడెలు పోయాయి కనుక ఆ తాంబూలం ఇచ్చే పని నా దాకా రాలేదు.

"ఒక ప్రాణికి సంతానం లేకుండా చేసే హక్కు మనకు ఎక్కడిది?" అన్నాను మా ఆవిడతో.

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మాట్లాడేది కుందేలు సంగతి. మీ ఇంటి సంగతి కాదు" అంది.

నాకు కొడుకులు లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆమె కూడా అనలేదు.

కుప్పంలో మా పెద్దమ్మ అల్లుడు తోటలో కుందేళ్లు పెంచుతున్నాడని గుర్తొచ్చి ఫోన్ చేశాను. "తీసకరా బామ్మర్దీ! ఈడ పాతిక ఆడవి ఉండాయి. నీది రాజా మాదిరి ఉంటాది" అన్నాడు. రాజా అన్న మాట నాకు బాగా నచ్చింది. కత్తి పడదు, పరువుకు పరువు. అమ్మాయికి చెప్పకుండా, సంబంధం చూడడానికి వెళ్లినట్టు డజను అరటిపళ్లు పట్టుకుని పలమనేరు మీదుగా బస్సులో వెళ్లాను.

షెడ్డు శుభ్రంగానే ఉంది. వరసగా కమ్మీల గూళ్లు, నిండా కుందేళ్లు.

"పిల్లలు పెరిగినాక యాడ పెడతావు బావా?"

"పెట్టేదేముంది? బెంగళూరు హోటలోళ్లు వచ్చి తూకమేసి తీసకపోతారు. నీది ఎన్ని కిలోలుంటాది?"

అరటిపళ్లు అక్కడే వదిలి వచ్చేశాను. పాతికమంది రాణులు, లెక్కలేనంత మంది వారసులు, చివరికి అందరూ మసాలాలోకి. మా వంశం పడిపోవడం నేను కళ్లారా చూశాను గానీ మరీ ఇంత లోతుకు పడలేదు.

"ఏమైంది?" అంది మా ఆవిడ.

"కుప్పం నీళ్లు దానికి పడవు."

ఆ రాత్రే అమ్మాయితో ఆపరేషన్‌కు సరేనన్నాను.

మదనపల్లెకు వెళ్లే ముందు సాయంత్రం గూట్లోంచి గడ్డి, నీళ్లు నేనే తీసేశాను. విత్తు కొట్టే ముందు రోజు కోడెను పస్తు ఉంచాలని మా ఇంట్లో నియమం. ఈ కుటుంబంలో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

"పొద్దున ఏం తినింది సార్?" అని అడిగింది డాక్టరమ్మ.

"నిన్న సాయంత్రం నుంచి ఏమీ తిననివ్వలేదు" అన్నాను, నడుము నిటారుగా పెట్టి.

"అయ్యో! కుందేలును పస్తు పెట్టకూడదు సార్. పేగులు ఆగిపోతాయి. ఇది తింటేనే ఆపరేషన్. తినకపోతే ఆపరేషన్ మాట పక్కనపెట్టి ముందు దాన్ని బతికించుకోవాల."

అమ్మాయి నా వైపు చూసింది. ఎదురు అంగడికి పరిగెత్తి కొత్తిమీర తెచ్చింది. కుందేలు వాసన చూసి మొహం తిప్పుకుంది. క్యారెట్ ఆకు పెట్టినా అంతే. గంట గడిచింది. బుట్టలో ఒక మూల ముడుచుకుని కూర్చుంది. అమ్మాయి దాని చెవులు నిమురుతూ, "తిను నాయనా, ఒక్కటి తిను" అంటోంది. నేను పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ నా చేత్తో పోలేదని ఆ రోజు దాకా గర్వపడేవాణ్ని.

డాక్టరమ్మకు ఇద్దామని తెచ్చిన తాంబూలం నా సంచిలో ఉంది. ఇక దాని అవసరం లేదనుకుని తీసి బుట్ట పక్కన పెట్టాను. కుందేలు మెడ చాచింది. ఒక తమలపాకు అంచు పట్టి లాగింది. నమలడం మొదలుపెట్టింది. ఆకు పూర్తికాగానే అమ్మాయి కొత్తిమీర పెడితే అదీ తినింది.

"తమలపాకులు ఎందుకు తెచ్చినారు సార్?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. ఆమె నవ్వు ఆపుకుని, "అయితే ఎవరికి అందాలో వాళ్లకే అందింది లెండి" అంది.

మధ్యాహ్నం ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. కింద యజమాని అని రాసి, గీత గీసి ఉంది. అలవాటుగా కలం తీశాను. యజమాని అన్న మాట కింద నేను సంతకం పెట్టి చాలా ఏళ్లయింది. గూడు కడిగేది, గడ్డి కోసుకొచ్చేది, నా వల్ల పొద్దుటినుంచి చచ్చి బతికింది అమ్మాయి. కలం ఆమెకిచ్చాను.

మా పెద్దల పద్ధతిలో బయటి వరండాలోకి నడిచాను. అయిదు నిమిషాలు కాకముందే తిరిగొచ్చి, తలుపు అద్దం దగ్గర అమ్మాయి పక్కన నిలబడ్డాను. మత్తు వదిలి కుందేలు ముక్కు కదిలించేదాకా ఇద్దరం కూర్చోలేదు.

వాసన వెంటనే పోలేదు. ఇంకో మూడు వారాలు గడువు అమ్మాయే అడిగి తెచ్చుకుంది. గడువు ముగిసిన రోజు యజమానురాలు దిగివచ్చి, కుర్చీ కాళ్ల దగ్గర వంగి మరీ వాసన చూసింది.

"ఇప్పుడు ఫరవాల్యా. ఇంతకీ కుందేలు నీదా, పాపదా?"

"మా అమ్మాయిది. కాగితం కూడా ఉంది" అన్నాను.

మా ఇంట్లో ఆడపిల్ల పేరున రాసిన మొదటి ఆస్తి అదే. ప్రస్తుతం అది కుర్చీ కింద నిద్రపోతోంది.